మూడేళ్ళ పూచీ

ఆంగ్ల సాహిత్యం చదువుకొన్నందుకు నాకు దక్కిన గౌరవం ఒకటున్నది. భిలాయిలో మా వీధివారు తమ ఇంగ్లీషు కాగితాలన్నీ నాచేతనే చదివించుకొంటారు. బ్యాంకు ఉత్తరాలు, ఆసుపత్రి రిపోర్టులు, పింఛను ఫారాలు - షేక్స్‌పియరుకు అక్కరలేని సాహిత్యమంతా నా ముందుకు వస్తుంది. ఈ జూలైలో పక్కింటి పిన్ని తెచ్చిన కాగితమూ ఆ కోవలోనిదే.

పిన్నిది శ్రీకాకుళం వైపు పల్లె. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్టు ఫర్నేసు ప్రారంభమైన ఈ ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని ఆ ప్రాంతంనుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. ఆమె భర్త అందులో పర్మనెంటు ఉద్యోగి. కొడుకు అక్కడే కాంట్రాక్టు కార్మికుడు. ఈ రెండు మాటలకూ నడుమ ఎంత దూరమో భిలాయివారికి విప్పి చెప్పనక్కరలేదు. మనవరాలికి రాయపూర్‌లో ఇంజనీరింగు సీటు దొరికింది. 34,000 రూపాయలకు లాప్‌టాప్ బేరమైంది. సొమ్ము కట్టబోయే వేళ దుకాణదారు మరొక కాగితం ముందుకు తోశాడు. ఇంకో 5,000 ఇస్తే, కంపెనీవారి ఏడాది వారంటీ ముగిశాక మరి రెండేళ్ళు పూచీ. ఇప్పుడు తీసుకోకపోతే మళ్ళీ దొరకదన్నాడట.

"ఆ అయిదు వేలూ పిల్ల హాస్టలుకని దాచినవమ్మా. కట్టమంటావా, మానెయ్యమంటావా?" అన్నది పిన్ని.

వారంటీ అన్నా, గ్యారంటీ అన్నా మూలం ఒకటే. పాత జర్మానిక్ మాట ఒకటి నార్మన్ల నోట 'వ'కారంతోను, పారిస్ వైపు 'గ'కారంతోను పలికి, ఆ రెండు రూపాలూ ఇంగ్లీషులో వేరువేరుగా చేరాయి. మన 'పూచీ'కి దగ్గర మాట. కాని పూచీ పడేది మనిషి. ఇక్కడ పూచీ పడుతున్నది కాగితం. కనుక కాగితాన్నే చదవాలి. చదివాను. పూచీ ఇస్తున్నది లాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ కాదు, వేరొక సంస్థ. మదర్‌బోర్డు చెడితే బాగుచేస్తారు. బ్యాటరీకి, ఛార్జరుకు వర్తించదు. కింద పడి తెర పగిలినా, టీ ఒలికినా, కరెంటు హెచ్చుతగ్గులవల్ల కాలిపోయినా వర్తించదు. హాస్టలు గదిలో లాప్‌టాప్‌కు సంభవించే ప్రమాదాలను ఒక్కొక్కటిగా ఏరి పక్కనపెట్టినట్లుంది ఆ జాబితా!

లెక్క కూడా చూశాము. సుపేలాలో బాగుచేసే కుర్రవాణ్ణి అడిగితే ఆ రకానికి మదర్‌బోర్డు మార్చడం సుమారు పది వేలన్నాడు. అంటే ఆ రెండేళ్ళలో అది చెడే అవకాశం సగానికి సగం ఉంటేనే అయిదు వేలు గిట్టుబాటు. మూడో ఏటికి ఆ లాప్‌టాప్‌కే పది వేలు పలుకుతుందో లేదో!

కర్మాగారంలో మెయింటెనెన్సు విభాగంలో పనిచేసి రిటైరైన మా నాన్నగారు ఇదంతా వింటూ కూర్చున్నారు. "కొత్త యంత్రం చెడితే మొదట్లోనే చెడుతుంది, లేదా బాగా అరిగిపోయాక చెడుతుంది. నడుమ కాలం నిలకడగా నడుస్తుంది" అన్నారు. ఇంజనీర్లు దీన్ని గీతగా గీస్తే స్నానాల తొట్టి ఆకారం వస్తుందట. తొట్టి మొదటి గోడను కంపెనీవారు ఎలాగూ కాస్తున్నారు. మనచేత కొనిపించేది చాలావరకు అడుగుభాగాన్ని.

దుకాణంలో నిలబెట్టి తొందరపెట్టే ఈ అలవాటు మన దేశపుదే కాదు. బ్రిటన్‌లో ఇది ఎంత ముదిరిందంటే, 2005లో ప్రత్యేకంగా ఒక ఉత్తర్వు చేయవలసివచ్చింది. దాని ప్రకారం ఇటువంటి వారంటీ కొన్నవారు 45 రోజులలోగా రద్దుచేసుకొని పూర్తి సొమ్ము వాపసు పొందవచ్చు. మన దగ్గర అటువంటి ప్రత్యేక నియమం లేకపోయినా, చాలా కంపెనీలు మొదటి వారంటీ నడుస్తుండగానే తమ పొడిగింపును తరువాత కొనుక్కోనిస్తాయి. కాబట్టి 'ఇప్పుడే' అన్న మాటను నమ్మనక్కరలేదు. ఇక వస్తువులోనే లోపముంటే, 2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ఈ అయిదు వేలు కట్టనివారికి కూడా వర్తిస్తుంది. తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ముందుగా సలహా కావాలంటే 1915 నంబరు ఉన్నది.

ఇంత చెప్పిన నేనుకూడా ఒకప్పుడు వారంటీని గుడ్డిగా నమ్మినదాన్నే. గత సంవత్సరం, ఏడాదైనా నిండని నా లాప్‌టాప్ ఒక ఉదయం తెరుచుకోలేదు. కంపెనీవారు పైసా పుచ్చుకోకుండా డిస్కు మార్చి పంపారు. వారిని తప్పుపట్టడానికి లేదు. అయితే పాత డిస్కుతోపాటు, నాలుగు నెలలు కూర్చుని తెలుగు చేసిన ఒక నవలలోని 140 పుటలు వెళ్ళిపోయాయి. దాచుకొన్న సమాచారానికి తమ బాధ్యత లేదని కాగితంలో రాసే ఉన్నది. ఊరందరి కాగితాలూ చదివే నేను, నా కాగితం చదువుకోలేదు. రెండోసారి చేసిన అనువాదం మొదటిదానికంటె మెరుగన్నారు ప్రచురణకర్త. నాకు మాత్రం మొదటిదానిలోని వాక్యాలే ఇప్పటికీ గుర్తుకు వస్తుంటాయి.

చివరకు దుకాణదారు కాగితం తిప్పి పంపించాము. పిల్ల హాస్టలులో ఉండబోతున్నది కనుక, పడినా తడిసినా బాగుచేసే ఏడాది రక్షణ కంపెనీవారి దగ్గరే 1,800కు దొరికితే అది తీసుకొన్నాము. ఇంట్లో బల్లమీదనుంచి కదలని లాప్‌టాప్ అయితే అదీ వద్దనేదాన్ని. 400 పెట్టి ఒక పెన్‌డ్రైవు కొని, ప్రతి ఆదివారం పాఠాలన్నీ అందులోకి ఎక్కించమని పిల్లకు చెప్పాను. నాన్నగారు కర్మాగారంలో ప్రతి యంత్రానికీ హిస్టరీ కార్డు రాసిన అలవాటుకొద్దీ, ఒక నోటుపుస్తకంలో కొన్న తేదీ, సీరియల్ నంబరు, వారంటీ ఆఖరి తేదీ వేసి, బిల్లు అంటించారు. పదకొండో నెలలో ఏ జబ్బూ లేకపోయినా ఒకసారి తీసుకువెళ్ళి అన్నీ పరీక్ష చేయించమని కింద గీటుపెట్టి రాశారు.

పిన్ని ఆ పుస్తకం వంక చూడలేదు. మిగిలిన 2,800 రెండుమార్లు లెక్కపెట్టి కొంగున ముడి వేసుకొన్నది.