రెండెకరాల నెల జీతం ఎంత?

“ఊళ్లో రెండెకరాలుంది, నీకేం రా!” హైదరాబాద్‌లో మా రూమ్మేట్లు ఎప్పుడూ అనే మాట ఇది. సరే, ఆ రెండెకరాలు నెలకు ఎంత జీతమిస్తయో చూద్దాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ తియ్యండి.

మాది భూపాలపల్లి పక్క పల్లె. ఓ దిక్కు సింగరేణి మట్టిగుట్టలు, ఇంకో దిక్కు చెల్పూరు కరెంటు ప్లాంటు. నడుమ మా పత్తి చెలక. బోరుంది గానీ పది గుంటలు తడిపేసరికే ఆయాసపడ్తది. ఇంత తక్కువ భూమా అనుకోకండి. 2015-16 వ్యవసాయ గణనలో తెలంగాణ సగటు కమతమే ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు.

2025 వానాకాలం లెక్క ఇది. విత్తనాల ప్యాకెట్ 901 రూపాయలు, నాలుగు పెట్టినం: 3,604. డీఏపీ నాలుగు బస్తాలు 5,400. యూరియా ఆరు బస్తాలు 1,599 (లైన్‌లో నిలబడ్డ రోజుల కూలి కలపలేదు). మందులు 12,000. దున్నకం, కలుపు 15,000. పత్తి ఏరినందుకు కిలోకు 12 చొప్పున 16,800. మొత్తం 54,403.

పండింది 14 క్వింటాళ్లు. మద్దతు ధర 8,110. కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుకింగ్ నా డ్యూటీ. కానీ అక్టోబర్ చివర్ల మొంథా తుపాను వచ్చి పత్తిని చేన్లనే నానబెట్టింది. తేమ 12 శాతం దాటితే ఆ ధరకు కొనరు. ఇంట్ల అప్పు ఆగదు. బయట 6,500కు అమ్మినం. 91,000 వచ్చినయి. ఖర్చు తీస్తే 36,597.

రైతు భరోసా రెండు సీజన్లూ పడితే 24,000, పీఎం కిసాన్ 6,000. కలిపి పన్నెండుతో భాగిస్తే నెలకు 5,550. నలుగురం. అవ్వ, బాపు చేసిన చాకిరికి ఇందులో పైసా కట్టలేదు.

మరి ఇల్లెట్ల గడుస్తుంది? ఎండాకాలం అడవిల తునికాకు. యాభై ఆకులకో కట్ట. మిగతా రోజులు కైకిలి. దాన్నే మనం “వ్యవసాయ కుటుంబం” అంటున్నం.

ఇప్పుడు బాపు ఇంకో రెండెకరాలు కౌలుకు పట్టి మిర్చి పెడ్తా అంటుండు. మిర్చిల పైసలు కనిపిస్తయి, నిజమే. కానీ 2021ల నల్ల తామర పురుగు మా దిక్కు తోటలను ఎట్ల చేసిందో అందరం చూసినం. పువ్వుల దూరి కాయే పట్టనియ్యలేదు. పైగా కౌలు భూమికి భరోసా పైసలు పట్టాదారుకే పోతయి. రైతు బీమా కూడా పట్టా ఉన్నోళ్లకే. నష్టం మాత్రం మొత్తం కౌలుదారుదే.

నేను వద్దన్న. చెల్లె నర్సింగ్ ఫీజు ఆ పెట్టుబడిల కలుస్తదని నా భయం. బోరు నీళ్లందే పది గుంటల్ల కూరగాయలు పెడ్దామన్న. బాపుకు నచ్చలే. “ఆకుకూర కట్టలమ్మి ఇల్లు కడ్తమారా?” అన్నడు. అవ్వ మాత్రం ఏం మాట్లాడకుండా తోటకూర, పాలకూర, బెండ ఇత్తనాలు తెచ్చి చల్లింది. ఇప్పుడు గని షిఫ్టు వదిలే యాళ్లకు భూపాలపల్లి రోడ్డు మీద గంప దించుతది. ఖర్చులు పోను రోజుకు రెండొందలు, మంచి రోజైతే మూడొందలు. పొద్దుగూకేసరికి చేతిల ఉంటయి.

చెల్లె ఈ నెల బస్ పాస్ ఆ గంపలకెల్లే వచ్చింది. బాపు నిన్న కూడా కౌలు భూమి చూసొచ్చిండు. ఇయ్యాల రాత్రి మళ్లీ ఫోన్ చేస్తడు.