దిగమింగిన దిగులు

"నాకేం, బాగానే ఉన్నాను" అనేవారిలో చాలామందికి అర్ధరాత్రి దాటినా నిద్ర పట్టదు. గుండెదడ, మెడనొప్పి, కడుపులో మంట అంటూ మందులు మారుస్తూ ఉంటారు. మనసులోని బాధ మాత్రం ఎవరికీ చెప్పరు.

భయం, దిగులు కలిగినప్పుడు మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులను విడుదల చేస్తాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, కండరాలు బిగుసుకుంటాయి. దిగులు తీరితే అంతా సర్దుకుంటుంది. నెలల తరబడి లోపలే దాచుకుంటే ఆ బిగింపు సడలదు.

ఒక కిరాణా వ్యాపారి గుండెల్లో బరువుగా ఉందంటూ భార్యతో వచ్చారు. ఇ.సి.జి., రక్తపరీక్షలు అన్నీ సరిగానే ఉన్నాయి. నెమ్మదిగా అడిగితే, అమ్మాయి పెళ్ళికి చేసిన అప్పుకి వడ్డీ కట్టలేకపోతున్న సంగతి బయటపడింది. బెంగ పెట్టుకుంటుందని భార్యకి చెప్పలేదట! అక్కడే ఆవిడతో చెప్పించాను. "మీకేదో పెద్ద జబ్బు వచ్చిందని నెలరోజులుగా నాకు అన్నం సహించడం లేదు" అన్నదావిడ. అప్పు తీరలేదు గాని, ఆ వారం నుంచి ఇద్దరికీ నిద్ర పట్టింది.

బాధ చెప్పుకోవడం కూడా అలవాటు చేసుకోవలసిన విషయమే. రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి, ఫోను పక్కన పెట్టి పది నిమిషాలు మాట్లాడుకోండి. "ఏం లేదు" అనే బదులు "ఇవాళ ఆఫీసులో మాట పడ్డాను, మనసు బాగాలేదు" అనండి. "నన్నెవరూ పట్టించుకోరు" అని నిష్ఠూరాలాడకుండా "ఒంటరిగా అనిపిస్తోంది" అనండి. అందరికీ చెప్పనక్కరలేదు. విన్నది నలుగురిలో పెట్టని మనిషి ఒక్కరు చాలు.

వినేవారు "ఓస్, ఇంతేనా!" అనకూడదు. ముందు పూర్తిగా వినాలి, సలహాలు తర్వాత. "మగపిల్లాడివి, ఏడుస్తావేమిట్రా" అని పిల్లల నోరు నొక్కవద్దు.

నోటితో చెప్పలేనివారు కాగితం మీద రాసుకోవచ్చు. 1986లో అమెరికాలో పెన్నెబేకర్, బీల్ కొందరు విద్యార్థులచేత నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాల చొప్పున తమను కలచివేసిన సంఘటనల గురించి రాయించారు. జరిగినదానితోపాటు తమ భావాలనూ రాసినవారు తర్వాతి నెలల్లో వైద్యుల దగ్గరకు వెళ్ళడం తగ్గింది. అందరికీ ఒకేలా ఉపయోగపడకపోయినా ప్రయత్నించి చూడవచ్చు.

ఒక హెచ్చరిక. ఛాతీనొప్పి, ఆయాసం, చెమటలు వస్తే దిగులేనని ఊరుకోక వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. రెండు వారాలు దాటినా దిగులు, నిద్రలేమి తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోండి. చావాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే ఇంట్లోవారికి చెప్పండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కి 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరం వస్తే చెప్పుకోవడానికి సిగ్గుపడం కదా, దిగులు వస్తే మాత్రం సిగ్గెందుకు?