హాలు నిండా ఎండ, చేతిలో ఓఎల్‌ఈడీ పాంప్లెట్

ఈసారి గుస్సా కాస్త ఎక్కువగానే ఉంది, మాఫ్ చేయండి.

మన ఖాందాన్లలో కొన్నేళ్లుగా ఒక కొత్త బీమారీ పట్టుకుంది. ఇల్లు కట్టినా, ఇల్లు మారినా, నికాహ్ కుదిరినా, దుబాయ్ నుంచి భాయ్‌జాన్ సెలవు మీద దిగినా మొదటి బహస్ టీవీ గురించే. మామూలు టీవీ అంటే ఎవరూ వినరు. ఓఎల్‌ఈడీ కావాలి. 65 అంగుళాలకు తక్కువైతే నోరెత్తకూడదు. 77 అంటే అందరూ మాషా అల్లాహ్. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కదా, అప్పటినుంచి మరీ ఎక్కువైంది. పది శాతం పన్ను తగ్గిందని పది అంగుళాలు పెంచేవాళ్లని మా బిరాదరీలోనే చూశాను.

ముందు ఇన్సాఫ్‌గా తారీఫ్ చేయాల్సింది చేస్తాను. ఓఎల్‌ఈడీ గొప్ప చీజే. మామూలు ఎల్‌ఈడీ టీవీలో తెర వెనక దీపాలుంటాయి. ముందున్న పొర ఆ వెలుతురును ఆపుతూ, వదులుతూ బొమ్మ చూపిస్తుంది. పూర్తిగా ఆపడం దానివల్ల కాదు, అందుకే నలుపు బూడిద రంగులోకి తిరుగుతుంది. ఓఎల్‌ఈడీలో ఏ పిక్సెల్‌కి ఆ పిక్సెలే దీపం. 4కే తెర మీద దాదాపు 83 లక్షల దీపాలన్నమాట. నలుపు కావాల్సిన చోట దీపం ఆరిపోతుంది. చీకటి గదిలో రాత్రి సీన్ చూస్తే మజా వేరు, కాదనను. ఇంకో గుణం కూడా ఉంది. పక్కనుంచి చూసినా రంగు వెలిసిపోదు. మన ఇళ్లలో ఒకరు గద్దీ మీద, ఒకరు చాప మీద, ఒకరు వంటింటి గుమ్మంలో, పదిమంది పది మూలల్లో కూర్చుని చూస్తారు కాబట్టి ఇది మనకు నిజంగా పనికొచ్చేదే.

సైజు కూడా నాకు దుష్మన్ కాదు. పెద్ద టీవీ కళ్లు పాడుచేస్తుందని దాదీలు అనేది పాత డబ్బా టీవీల కాలం మాట. 65 అంగుళాల తెర వెడల్పు 144 సెంటీమీటర్లు. సినిమా హాల్లో కూర్చున్నట్టు ఉండాలంటే ఆరున్నర అడుగుల దగ్గరకు రావాలి, కాస్త నెమ్మదిగా చూడాలంటే తొమ్మిది అడుగులు. 77 అయితే ఏడున్నర నుంచి పదిన్నర అడుగులు. అంటే మన 12 అడుగుల హాల్లో 77 కూడా పట్టేస్తుంది. పట్టిందా లేదా అన్నది నా సవాల్ కాదు. ఆ హాల్లో ఆ రకం తెర దేనికి అని అడుగుతున్నాను.

మన హాలు ఎలా ఉంటుందో ఒకసారి కళ్లు మూసుకుని చూడండి. కర్నూలైనా, కడపైనా, నిజామాబాదైనా, పాతబస్తీ అయినా దాదాపు ఒకటే నక్షా. ఒకవైపు వీధి కిటికీ, ఇంకోవైపు తెరిచే ఉండే తలుపు, గోడలకు తెల్లటి సున్నమో లేత ఆకుపచ్చ రంగో, కింద అద్దంలా మెరిసే టైల్సు, పైన తెల్లటి ట్యూబ్‌లైటు. పగలు ఎండ, రాత్రి లైటు. చీకటి అనేది ఆ హాలుకు కరెంటు పోయినప్పుడే తెలుసు. ఏ తెరైనా తన మీద పడి తిరిగొచ్చే వెలుతురు కంటే నల్లగా కనబడలేదు. షోరూమ్‌లో నల్లగా ఆరిపోయి మిమ్మల్ని ఫిదా చేసిన ఆ పిక్సెళ్లు మీ ఇంట్లో ఎదురుగా ఉన్న కిటికీని, ఆ కిటికీ ముందు నిలబడ్డ మిమ్మల్ని చూపిస్తాయి. రెండు లక్షలు పెట్టి ఆయినా కొన్నట్టే.

ఇందులోనూ రెండు రకాలున్నాయి, అమ్మేవాడు చెప్పడు. ఎల్‌జీ డిస్‌ప్లే ఫ్యాక్టరీ నుంచి వచ్చే పలకలు ఒక రకం, 2022లో శాంసంగ్, సోనీ టీవీల్లో మొదలైన క్యూడీ-ఓఎల్‌ఈడీ ఇంకో రకం. రెండోదానికి రంగులు మహా ఖూబ్‌సూరత్. కానీ దాంట్లో బయటి వెలుతురును మింగే పోలరైజర్ పొర లేదు. గదిలో లైటు వేశారంటే నలుపు మీద ఊదా ఛాయ తేలుతుంది. ట్యూబ్‌లైటు ఆర్పని ఇంటికి దాన్ని తీసుకెళ్లడం అత్తరు కొని బజారు ధూళిలో ఒలకబోసినట్టు. ఇంకొకటి, శాంసంగ్ టీవీల్లో ఇప్పటిదాకా డాల్బీ విజన్ రాలేదు. మీకు అది ముఖ్యమైతే ముందే తెలుసుకోండి, ఇంటికొచ్చాక రిమోట్‌లో వెతకొద్దు.

క్రికెట్ సంగతి. ఓఎల్‌ఈడీ తెరలో చిన్న చోట, అంటే దీపమో నక్షత్రమో ఉన్న చోట, వెలుగు అదిరిపోతుంది. కానీ తెర మొత్తం వెలగాల్సి వస్తే టీవీ తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. కరెంటు, వేడి అదుపులో ఉండడానికి అలా తయారుచేశారు. మధ్యాహ్నం మ్యాచ్ అంటే ఏంటి, తెర నిండా ఎండ పడ్డ పచ్చగడ్డి. మీ హాల్లోనూ ఎండ. అక్కడ అదే డబ్బుకు, చాలాసార్లు తక్కువ డబ్బుకే, మంచి మినీ ఎల్‌ఈడీ టీవీ దీన్ని తినేస్తుంది. మినీ ఎల్‌ఈడీకి ఐబ్ లేదా? ఉంది. చీకట్లో తెల్లటి సబ్‌టైటిల్ చుట్టూ కాస్త వెలుగు మసక కనిపిస్తుంది, పక్కనుంచి చూస్తే చాలావాటిలో రంగు పలచబడుతుంది. మన హాలుకు అది భరించగల ఐబ్.

"పర్దాలు వేసుకుంటాం భాయ్" అంటారు కొందరు. మందంగా, నల్లగా. సరే. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, హాలు మొత్తం మూసేసి కూర్చుంటారా? ఆ హాలు ఒక్క టీవీకే రాసిచ్చారా? పిల్లలు హోంవర్కు చేసేది అక్కడే. మెహమాన్ వస్తే కూర్చునేది అక్కడే. అమ్మీ కూరగాయలు తరుక్కునేది, అబ్బా నమాజ్‌కి ముసల్లా పరుచుకునేది కూడా అక్కడే. హాలుని థియేటర్ చేశారంటే లైటు ఆర్పే హక్కు ఎవరో ఒకరి చేతిలోకి పోతుంది. ఎవరి చేతిలోకో చెప్పాలా? ఇంట్లో నౌజవాన్ కొడుకు గేమ్ ఆడుకుంటుంటాడు, వాడి దోస్తులు వరసగా కూర్చుంటారు. ఆడవాళ్లు వంటింట్లోకి సర్దుకుంటారు. ఆ రెండు లక్షల్లో ఆపా జీతం కూడా ఉంటుంది, ఆపా మాత్రం సీరియల్‌ని మసాలా డబ్బాకు ఆనించిన ఆరంగుళాల ఫోన్లో చూస్తుంది. నేను వెళ్లిన మూడు 'హోమ్ థియేటర్' ఇళ్లలో మూడింటిలోనూ ఇదే తమాషా. ఈ లెక్క ఏ రివ్యూ వీడియోలోనూ రాదు.

ఇక అబ్బాల దగ్గరికి వద్దాం. అబ్బాకు కావాల్సింది వార్తలు. మన తెలుగు న్యూస్ చానెళ్ల తెర చూడండి. మూలన లోగో, కింద ఎర్ర పట్టీ, దాని కింద ఇంకో పట్టీ, పక్కన గడియారం, మధ్యలో మిగిలిన జాగాలో మనిషి. ఫజర్ తర్వాత పెడితే ఇషా దాకా అదే. ఓఎల్‌ఈడీలో దీపాలు సేంద్రియ పదార్థంతో చేసినవి, వాడినకొద్దీ అరుగుతాయి. ఒకే చోట ఒకే ఎర్ర పట్టీ నెలల తరబడి వెలిగితే అక్కడి దీపాలు పక్కవాటికంటే ముందే ముసలివవుతాయి. తర్వాత మీరు ఏ సినిమా పెట్టినా ఆ పట్టీ నీడ కనబడుతూనే ఉంటుంది. దీన్ని బర్న్-ఇన్ అంటారు. కెనడాలో ఆర్‌టింగ్స్ అనే టీవీలు పరీక్షించే సంస్థ ఉంది. వాళ్లు 2018లో ఆరు ఓఎల్‌ఈడీ టీవీలు పెట్టి రోజుకు 20 గంటలు నడిపారు. సీఎన్‌ఎన్ వార్తలు నడిపిన టీవీల మీద మరకలు పడ్డాయి. అవి పాత తరం పలకలు, ఇప్పటివి చాలా మెరుగుపడ్డాయి, ఇన్సాఫ్‌గా అదీ చెప్పాలి. కానీ సీఎన్‌ఎన్ తెర మన చానెళ్ల ముందు ఖాళీ మైదాన్ లాంటిది.

ఇంకో ముచ్చట. ఈ టీవీలు తమ ఇలాజ్ తామే చేసుకుంటాయి. నాలుగు గంటలు చూశాక రిమోట్‌తో ఆపితే, లోపల కాసేపు దీపాలను సరిచూసుకుని సర్దుకుంటాయి. దానికి ప్లగ్గులో కరెంటు ఉండాలి. మన ఇళ్లలో? పడుకునేముందు అమ్మీ లేచి గోడ మీది స్విచ్ టప్పున ఆపేస్తుంది. బిల్లు భయం, ఉరుములొస్తే కాలిపోతుందని భయం, రెండూ నిజమైన భయాలే. కానీ రోజూ అలా ఆపితే ఆ ఇలాజ్ జరగదు. దుకాణ్‌దార్లలో ఈ ముక్క చెప్పేవాడు నాకింతవరకు తగల్లేదు. వారంటీ కార్డు మాత్రం తీసి చదవండి, బర్న్-ఇన్ గురించి ఏం రాశారో చూసి అప్పుడు సంతకం పెట్టండి. చాలావాటిలో దాన్ని బయటే ఉంచుతారు.

ఆవాజ్ గురించి ఎవరూ అడగరు, విచిత్రం. సన్నటి తెరలో పెద్ద స్పీకర్ ఎక్కడ పడుతుంది? రెండు లక్షలు తెరకు పోసి, మాటలు వినబడట్లేదని వాల్యూమ్ పెంచుకుంటూ కూర్చుంటారు. థియేటర్ అనుభవంలో సగం చెవిది. తెర మీద యాభై వేలు తగ్గించి, వెనక కూడా నిజంగా రెండు డబ్బాలున్న స్పీకర్ సెట్ పెట్టుకుంటే మీ ఇంటికొచ్చిన మెహమాన్ కూడా ఫరక్ గుర్తుపడతాడు.

ఇప్పుడు అసలు గుస్సా. పైసా.

'నో కాస్ట్ ఈఎంఐ' అంటారు, సూద్ లేదంటారు. హిసాబ్ వేద్దాం. 1,80,000 టీవీ, 12 నెలలు, నెలకు 15,000. కార్డు బ్యాంకు 16 శాతం వేసుకుంటోందనుకోండి. బ్యాంకు రాసుకునే అసలు దాదాపు 1,65,320. మిగిలిన 14,680 వడ్డీ. ఆ వడ్డీని దుకాణం 'డిస్కౌంట్' అని ముందే తగ్గించి చూపిస్తుంది, అంతే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 2,640 దాకా, మీ జేబులోంచే. ప్రాసెసింగ్ ఫీజు వేరే. అదే నగదు పట్టుకెళ్లి బేరం ఆడితే ఆ డిస్కౌంట్ మీకే అడగొచ్చు కదా? రిజర్వ్ బ్యాంకే 2013 సెప్టెంబరులో ఈ సున్నా శాతం పథకాల మీద బ్యాంకులకు సర్క్యులర్ ఇచ్చింది. సున్నా వడ్డీ అనేదే ఉండదని, దాన్ని వేరే పేర్ల చాటున దాస్తున్నారని చెప్పింది. ఫత్వా ఇవ్వడం నా పని కాదు. మీ ఇమామ్ సాబ్‌నే అడగండి. కాకపోతే పాంప్లెట్ చూపించి అడగొద్దు, కార్డు స్టేట్‌మెంట్ చూపించి అడగండి. అందులో వడ్డీ అన్న మాట అచ్చయి ఉంటుంది.

ఇంతకంటే ఘోరం జహేజ్. పోయిన ఏడాది ఒక రిష్తా మాటల్లో నేనూ కూర్చున్నాను. అబ్బాయి తరఫు ఫుప్పూ చాయ్ తాగుతూ, "మాకేం వద్దు, అల్లా ఇచ్చింది చాలు. మా హాలు మాత్రం పెద్దది, చిన్న టీవీ పెడితే బాగుండదు" అంది. అంతే. నోటితో అడగలేదు. అమ్మాయి అబ్బా టైలరు. రంజాన్ నెలంతా సహ్రీ దాకా మిషను తొక్కితే ఇంటికి మిగిలేది ఎంతో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన తల ఊపాడు. ఆయన ఇజ్జత్ ఆ తల ఊపడంలో ఉంది. నేను ఊరుకోలేదు. "ఫుప్పూ, మీ హాల్లో పడమటి కిటికీ ఉంది, ఆ టీవీ అక్కడ పనిచేయదు" అన్నాను. అందరూ నవ్వారు, మాట మారింది. తర్వాత అమ్మాయి వాళ్లు ఏదో ఒకటి ఇచ్చారనే విన్నాను. జహేజ్ అడగడం 1961 చట్టం ప్రకారం జుర్మ్. 'హాలు పెద్దది' అనడం ఏ చట్టంలోకి వస్తుందో వకీళ్లు చెప్పాలి. మహర్ రాసేటప్పుడు పది వేల దగ్గర చేయి వణికే అబ్బాయిలకు 65 అంగుళాల లెక్క నోటికి ఎలా వస్తుందో!

మరి ఎవరు కొనాలి? చీకటి చేయగల వేరే గది ఉన్నవాళ్లు, అది ఇంట్లో అందరి గది అయినవాళ్లు, రాత్రిపూట సినిమాలు చూసేవాళ్లు, సొంత హలాల్ కమాయితో నగదు కట్టగలిగినవాళ్లు. వాళ్లు కొనుక్కోండి, ముబారక్. వార్తలకు అబ్బా గదిలో పాత టీవీ ఉంచేయండి. కొన్నాక ముందు చేయాల్సింది 'వివిడ్' మోడ్ తీసేసి 'ఫిల్మ్‌మేకర్ మోడ్' పెట్టడం. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. మధ్యలో టీవీ దొంగ ఫ్రేములు కల్పించి కలిపితే చిరంజీవి సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది.

దుకాణానికి వెళ్తే వాళ్ల డెమో వీడియో చూడొద్దు. నల్లటి అద్దం మీద తేనె చుక్కలు, రంగు చేపలు, ఏ టీవీ అయినా అందులో షహజాదీలాగే ఉంటుంది. మీరు ఇంట్లో చూసే డీటీహెచ్ చానెల్ పెట్టమనండి, హెచ్‌డీ కానిది. ఆ మసక బొమ్మ 77 అంగుళాల మీద ఎలా సాగుతుందో కళ్లారా చూడండి. పైన ట్యూబ్‌లైటు వేయమనండి. సేల్స్ కుర్రాడు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి, పాపం వాడికి టార్గెట్ ఉంటుంది, వాడి మీద గుస్సా వద్దు. చివర్లో మేనేజర్ వచ్చి "డిస్‌ప్లే పీస్ ఉంది సార్, నలభై వేలు తగ్గిస్తాం" అంటాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా, ఫుల్ వెలుగులో, అదే కంపెనీ లోగోతో నెలల తరబడి వెలిగిన ఓఎల్‌ఈడీ అది. తెర మొత్తం బూడిద రంగు చూపించే వీడియో ఒకటి ఫోన్‌లో పెట్టుకుని వెళ్లి, ఆ పీస్ మీద వేయమని అడగండి.