తుళ్లూరు వీధులకు జవాబుదారు ఎవరు?

ప్రత్యేక విశ్లేషణ

నగరపాలక సంస్థలలో కార్పొరేటరు తన డివిజను ప్రజలకు అప్పుడప్పుడు పనుల వివరాలు చెప్పుకోవడం ఆనవాయితీ. ఏ వీధికి సిమెంటు రోడ్డు వచ్చింది, ఏ మురుగు కాలువలో పూడిక తీశారు, ఏ కూడలిలో దీపాలు వెలిగాయి, ఏ సందులో రాత్రి గస్తీ పెరిగింది అన్న నాలుగు సంగతులే అందులో ఉంటాయి. పెద్ద విధాన ప్రకటనలు ఉండవు. అయినా ఇంటి యజమాని శ్రద్ధగా వినేది ఆ నాలుగు సంగతులనే. 2021 మార్చి 10న పోలింగు జరిగిన నగరపాలక ఎన్నికలలో గుంటూరుకు 57 మంది, విజయవాడకు 64 మంది కార్పొరేటర్లు ఎన్నికయ్యారు. ఈ రెండు నగరాలకూ గంట ప్రయాణ దూరంలో, వెలగపూడి సచివాలయానికి కొద్ది కిలోమీటర్లలో ఉన్న తుళ్లూరులో మాత్రం ఆ వివరాలు చెప్పవలసిన మనిషి పదవి ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయింది. రాజధాని నిర్మాణంపై వెలువడే వార్తలలో ఈ అంశానికి దక్కిన చోటు చాలా తక్కువ.

ఖాళీ ఎలా ఏర్పడిందో ముందుగా చూడాలి. రాష్ట్రంలో 2013 జులైలో ఎన్నికైన పంచాయతీ పాలకవర్గాల అయిదేళ్ల గడువు 2018 ఆగస్టుతో ముగిసింది. గడువు తీరేలోగా ఎన్నికలు పూర్తికావాలన్నది రాజ్యాంగం 243-ఇ అధికరణ నిర్దేశం. అది ఆచరణలోకి రాక ప్రత్యేకాధికారుల పాలన మొదలైంది. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగి, రాష్ట్రంలోని మిగిలిన పల్లెలకు సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చారు. తుళ్లూరు మండలంలోని రాజధాని గ్రామాలు ఆ ఎన్నికల పరిధిలోకి రాలేదు. ఈ గ్రామాలు పంచాయతీలుగా కొనసాగాలా, పట్టణ సంస్థగా మారాలా అన్నది తేలకపోవడమే ఇందుకు మూలం.

తేల్చే ప్రయత్నాలు జరగకపోలేదు. 2022 జనవరిలో 19 గ్రామాలతో నగరపాలక సంస్థ ఏర్పాటుకు ప్రతిపాదన వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 22 గ్రామాలతో పురపాలక సంఘం ప్రతిపాదన వచ్చింది. రెండుసార్లూ గ్రామసభలు జరిగాయి. రెండుసార్లూ గ్రామస్థులు తిరస్కరించారు. వారి అభ్యంతరం పట్టణ హోదా మీద కాదు. బృహత్ ప్రణాళికలో 217 చదరపు కిలోమీటర్ల రాజధాని నగరంగా చూపిన 29 గ్రామాలను విడదీయరాదన్నది వారి వాదన. అంతకుముందే, 2021 మార్చిలో, ఉండవల్లి, పెనుమాక వంటి గ్రామాలు మంగళగిరి-తాడేపల్లి నగరపాలక సంస్థలో కలిశాయి. ఆ సంస్థకు కూడా పాలకవర్గ ఎన్నికలు వెంటనే జరగలేదు. గ్రామసభల తీర్మానాలలో న్యాయం ఉన్నదా లేదా అన్నది ఈ వ్యాస పరిధిలోనిది కాదు. వాటి పర్యవసానంగా వార్డు సభ్యుని స్థానం ఖాళీగానే మిగిలింది. మన పరిశీలన అంతవరకే.

వార్డు సభ్యుడంటే పెద్ద అధికారాలు ఉన్నవాడని ఎవరూ అనుకోరు. ఆయన చేతిలో నిధి ఉండదు. సంతకం చేసే చెక్కు ఉండదు. ఆయనకు ఉన్నది చిరునామా మాత్రమే. వీధిదీపం ఆరిపోతే పొద్దున్నే ఎవరింటి అరుగు మీద కూర్చోవాలో వీధిలో అందరికీ తెలుసు. ఆ అరుగు లేని తుళ్లూరులో అదే ఫిర్యాదు ఎన్ని ద్వారాలు తట్టవలసి వస్తున్నదో గమనించండి. వీధిదీపం, పారిశుద్ధ్యం పంచాయతీ బాధ్యత. కరెంటు స్తంభం, తీగ మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థవి. రైతులకు కేటాయించిన ప్లాట్ల లేఅవుట్లు రాజధాని ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థవి, అనగా సీఆర్‌డీఏవి. ప్రధాన రహదారుల పనులలో అమరావతి అభివృద్ధి సంస్థ పాత్ర ఉన్నది. గస్తీ పోలీసు శాఖది. 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయాలలో ఇంజనీరింగు సహాయకులు, ఇంధన సహాయకులు, మహిళా సంరక్షణ కార్యదర్శులు ఉన్నారు. సిబ్బంది కొరత కంటె, వీరందరినీ ఒకచోట నిలిపి వీధివారి ఎదుట సమాధానం చెప్పించే ప్రజాప్రతినిధి లేకపోవడమే పెద్ద కొరత.

ఈ కొరత భారాన్ని నేల స్వభావం మరింత పెంచుతుంది. తుళ్లూరు పరిసరాలు ఎక్కువగా నల్లరేగడి. పత్తికి, మిరపకు అనువైన ఆ నేల రోడ్డుకు అనువైనది కాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పునాదిలో తగినంత గ్రావెలు, ఇసుక పొర వేయకుండా పైన సిమెంటు పరిస్తే రెండు వర్షాకాలాలు దాటేసరికి పలకలు పగులుతాయి, పక్క కాలువ గోడలు వాలుతాయి. అందువల్ల ఇక్కడ ఎంత పొడవు రోడ్డు వేశారన్న లెక్క ఒక్కటే చాలదు. కింద ఏమి వేశారన్న లెక్క కూడా కావాలి. పని జరిగేటప్పుడు వీధిలో నిలబడి చూసే సభ్యుడు ఉంటే ఆ లెక్క మేస్త్రీని అక్కడికక్కడే అడుగుతాడు. తనిఖీకి వచ్చే అధికారి పై పలకను చూసి వెళ్లవలసిందే.

నీటి సంగతి ఇంకా తీవ్రమైనది. కొండవీడు కొండలలో పుట్టి, పాలవాగు వంటి వాగులను కలుపుకొని, రాజధాని గ్రామాల మీదుగా వచ్చే కొండవీటివాగు ఉండవల్లి వద్ద, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు వాగు నీరు నదిలోకి పోదు, వెనక్కి తన్నుతుంది. ఈ ప్రాంతపు ముంపునకు అసలు కారణం ఇదే. దీని నివారణకే ఉండవల్లి వద్ద అయిదు వేల క్యూసెక్కుల సామర్థ్యంతో ఎత్తిపోతల పథకాన్ని నిర్మించి 2018 సెప్టెంబరులో ప్రారంభించారు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ వద్ద వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఎగువ వాగులు, దిగువ నది ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉన్నాయన్న సంగతి అందరికీ మరోసారి తెలిసింది. నీరుకొండ, శాఖమూరు, కృష్ణాయపాలెం వద్ద జలాశయాలు, వాగుల వెడల్పు పనులు ప్రణాళికలో భాగమైనవే. అయితే పెద్ద కాలువ ఎంత వెడల్పయినా, ఇంటి ముందరి సైడు కాలువ పూడిపోతే ఆ వీధి మునగక తప్పదు. కోట్ల రూపాయల పథకానికీ, పార పట్టే కార్మికునికీ మధ్య లంకె వేయడం స్థానిక సంస్థ పని.

ఇక భద్రత. ఈ గ్రామాలలో ఆ మాటకు ఒక చరిత్ర ఉన్నది. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల ప్రస్తావన వచ్చిన తరువాత తుళ్లూరు, మందడం, వెలగపూడి వంటి గ్రామాలలో రైతులు, మహిళలు దీక్షా శిబిరాలు నడిపారు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చిన తరువాత కూడా కొనసాగిన ఆ ఉద్యమం 1,631 రోజుల తరువాత, 2024 జూన్‌లో ముగిసింది. ఆ ఏళ్లలో ఇక్కడి కూడళ్లలో పోలీసు బలగాలకు కొదవ లేదు. కాని బందోబస్తు వేరు, వీధి భద్రత వేరు. పాఠశాల వదిలే వేళ లారీలు ఆపడం, తవ్విన గోతి చుట్టూ కంచె, ఎర్రదీపం పెట్టించడం, ఒంటరి వృద్ధుల ఇళ్లు ఏవో గస్తీ సిబ్బందికి తెలియడం వీధి భద్రత. బలగాల సంఖ్యతో దానిని కొలవలేము.

2025 మే 2న ప్రధానమంత్రి చేతుల మీదుగా రాజధాని పనులు పునఃప్రారంభమైనాయి. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 2024 డిసెంబరులోనే చెరి సుమారు 80 కోట్ల డాలర్ల రుణానికి ఆమోదం తెలిపాయి. పని పుంజుకున్నచోట టిప్పర్లు, కాంక్రీటు బండ్లు, ఇతర రాష్ట్రాల కూలీల వసతి గుడారాలు, రాత్రి షిఫ్టులు ఒకేసారి వస్తాయి. వ్యవసాయ గ్రామపు రోడ్డు మీద ఒక్కసారిగా ఇంత రాకపోకలు పెరిగితే ప్రమాదానికి ముందుగా గురయ్యేది సైకిలు మీద వెళ్లే విద్యార్థి, తెల్లవారుజామున పాలు తెచ్చే రైతు. ఇటువంటి రుణాలలో సామాజిక, పర్యావరణ రక్షణ నిబంధనలు ఉంటాయి, ఫిర్యాదుల వ్యవస్థ ఉంటుంది. అది కాగితం మీద ఉన్నదన్న విషయం ఆ రైతుకు ఎవరు చెబుతారు? అత్యవసరానికి 112, మహిళల సహాయానికి 181, విద్యుత్ సమస్యకు 1912 అన్న అంకెలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. ప్రతి సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతున్నది. ఇవి మంచి ఏర్పాట్లే. అయితే ఫోను చేసినవాడికి దక్కేది ఒక ఫిర్యాదు సంఖ్య. వీధి మొత్తానికి జవాబు దక్కాలంటే నలుగురి ఎదుట చెప్పాలి.

పాత్రికేయ మిత్రులకు ఇక్కడ ఒక మనవి. పత్రికా ప్రకటనలు రాసేవారికి, చదివేవారికి బాగా తెలిసిన చిక్కు ఒకటి ఉన్నది. ఒక పనికి పరిపాలనామోదం వస్తుంది, తరువాత సాంకేతిక అనుమతి వస్తుంది, ఆపై టెండరు, ఒప్పందం, పని ప్రారంభం, పూర్తి, కొలతల నమోదు, చెల్లింపు. ఈ ఎనిమిది మెట్లలో మొదటి మెట్టు మీద ఉన్న పనికి, ఆరవ మెట్టు దాటిన పనికి ప్రకటనలో వాడే మాట తరచు ఒక్కటే: "చేపట్టడం జరిగింది". మరుసటి రోజు పత్రికలో ఆ మాట "రోడ్డు వేశారు" అవుతుంది. వీధిలో చూస్తే కంకర కుప్ప కూడా ఉండదు. తుళ్లూరు వంటి చోట, వాస్తవం చెప్పే సభ్యుడు లేనిచోట, ఈ తేడా పట్టుకోవలసిన బాధ్యత విలేకరి మీద రెట్టింపుగా పడుతుంది. పని ఏ మెట్టు మీద ఉన్నదని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. అధికారి వద్ద సమాధానం సిద్ధంగానే ఉంటుంది, దస్త్రంలో ఉన్నదే కదా.

అధికారుల వైపు నుంచి చేయదగినది కూడా ఉన్నది, అందుకు కొత్త చట్టం అక్కరలేదు. పాలకవర్గం లేకపోయినా గ్రామసభ ఉంటుంది. ఓటర్లందరూ దానిలో సభ్యులే. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం దానిని పాలకవర్గపు దయాధర్మంగా పెట్టలేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 గ్రామపంచాయతీలలో ఒకేరోజు ఉపాధి హామీ పనులపై గ్రామసభలు నిర్వహించిన యంత్రాంగమే మనది. 2022లో పట్టణ హోదాపై అభిప్రాయం కోరడానికి తుళ్లూరు మండల గ్రామాలలో గ్రామసభలు పెట్టగలిగినప్పుడు, ఆ వీధుల దీపాల లెక్క, కాలువల లెక్క చెప్పడానికి మరొకటి పెట్టడం అసాధ్యం కాదు. అభిప్రాయం అడగడానికి ప్రజలను పిలిచి, లెక్క చెప్పడానికి పిలవకపోతే గ్రామసభ అంటేనే అనుమానం పుడుతుంది. ఇది వ్యాసకర్త అభిప్రాయం. అంగీకరించనివారు ఉండవచ్చు.

అటువంటి సభలో ప్రత్యేకాధికారి ప్రసంగించనవసరం లేదు. వార్డువారీగా ఒక పట్టిక గోడమీద అతికిస్తే చాలు: పని పేరు, ఏ సంస్థది, ఏ మెట్టు మీద ఉన్నది, ఎప్పటికి పూర్తి, బాధ్యుని హోదా, ఫోను. పక్కనే సీఆర్‌డీఏ, విద్యుత్, పోలీసు శాఖల నుంచి ఒక్కొక్కరు కూర్చోవాలి. గత సభలో వచ్చిన ఫిర్యాదులలో ఎన్ని తీరాయో మొదటి అయిదు నిమిషాలలో చదవాలి. తీరనివి కూడా చదవాలి. నిజానికి వాటిని ముందు చదివితే మరీ మంచిది, ఎందుకంటే సభకు వచ్చినవారిలో ఎక్కువమంది వచ్చేది వాటి కోసమే.

భూసమీకరణ కింద సుమారు 34 వేల ఎకరాలు ఇచ్చిన రైతులకు 2015 నుంచి ప్రభుత్వంతో ఉన్న సంబంధం ప్రధానంగా కాగితాల మీద నడిచింది: అంగీకార పత్రం, మెట్టకు ఎకరాకు 30 వేలు, జరీబుకు 50 వేలతో మొదలైన వార్షిక కౌలు, ప్లాటు కేటాయింపు పత్రం. కౌలు ఆలస్యమైన ఏడు వారు ఎవరిని అడగాలో తెలియక సీఆర్‌డీఏ కార్యాలయం ముందు నిలబడ్డారు, కోర్టు మెట్లూ ఎక్కారు. భూమిలేని కూలీ కుటుంబాలు నెలకు 2,500 రూపాయలతో మొదలైన పింఛను కోసం అదే విధంగా తిరిగాయి. పొలం పోయిన ఊరిలో ఇల్లు, వీధి మాత్రమే మిగిలిన ఆస్తి. ఆ వీధి గురించి అడిగితే జవాబు చెప్పే స్థానం ఎన్నికతోనే నిండుతుంది. 29 గ్రామాలకు ఏ రూపంలో స్థానిక సంస్థ ఉండాలో తేల్చి, వార్డుల సరిహద్దులు గీసి, రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించవలసిన దస్త్రం పురపాలక, పంచాయతీరాజ్ శాఖల మధ్య నడవవలసినది. సచివాలయ వార్తలు సేకరించే విలేకరులు రాజధాని టెండర్ల వివరాలతోపాటు ఆ దస్త్రం ఎక్కడున్నదో కూడా ప్రతి నెలా ఒకసారి అడుగుతుండాలి.