సామీల సీమ: మంచు క్రింది ఇనుము, మంచు మీది బ్రతుకు

భూగోళ పాఠములలో టండ్రా ప్రాంతము వచ్చినపుడెల్ల విద్యార్థులు తరతరములుగా ఒకే చిత్రమును చూచుచు వచ్చినారు. తెల్లని మంచుబయలు, తోలు గుడారము, దాని ముందు కొమ్ములు విప్పిన రెయిన్‌డీరు, ప్రక్కన ‘లాపు’ అను పేరుగల మనిషి. ఆ చిత్రములో అసత్యము లేదు గాని, వెలితి మాత్రము చాల కలదు. ‘లాపు’ అనునది ఇరుగు పొరుగు జాతులవారు పెట్టిన పేరు. ఆ జనులు దానిని అవమానముగా నెంచుదురు. వారు తమను ‘సామీ’లని, తమ సీమను ‘సాప్మి’ అని చెప్పుకొందురు. పాఠపుస్తకములోని చిత్రమునకు రైలుమార్గము లేదు, ఇనుపగని లేదు, గాలిమరలు లేవు, న్యాయస్థానము లేదు. నేటి సామీల బ్రతుకులో ఇవన్నియు కలవు. ఈ సీమను గూర్చి యూరపులో నేడు జరుగుచున్న వివాదము వీనిచుట్టునే తిరుగుచున్నది.

2025 ఆగస్టు 19, 20 తేదీలలో స్వీడన్ దేశపు ఉత్తరపు కొననున్న కిరునా పట్టణములో ఒక వింత జరిగినది. 1912లో పూర్తియైన కొయ్య చర్చి నొకదానిని, 672 టన్నుల బరువుగలదానిని, విడదీయకుండ ఉన్నదున్నట్లుగా చక్రముల బండ్లపై కెత్తి, సుమారు ఐదు కిలోమీటర్ల దూరము నత్తనడకను నడిపించి, క్రొత్త చోట నిలిపిరి. సామీల గుడిసె ఆకారమును తలపించునట్లు కట్టబడిన ఆ చర్చి కదలి పోవుచుండగా లోకమెల్ల టెలివిజనులో చూచి ముచ్చటపడినది. కాని అది ఎందుకు కదలవలసి వచ్చినదో, ఆ సీమలో కదలుటకు వీలులేనివి ఏవి కలవో విచారించినవారు తక్కువ.

మొదట ఆ నేల స్వరూపమును తెలిసికొనవలెను. సాప్మి ఒక రాజ్యము కాదు. నార్వే, స్వీడన్, ఫిన్లండ్ దేశముల ఉత్తర భాగములును, రష్యాలోని కోలా ద్వీపకల్పమును కలిసిన భూభాగమది. మేరువుపై దేవతలకు ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి యని సూర్యసిద్ధాంతము చెప్పిన మాట ధ్రువబిందువునకు సరిపోవును. కిరునా అంత ఉత్తరమున లేదు. ఆర్కిటిక్ వృత్తమునకు సుమారు 145 కిలోమీటర్లు మాత్రమే పైన నున్నది. అచట మే నెల చివరి నుండి జూలై నడుమ వరకు సూర్యుడు అస్తమింపడు. డిసెంబరులో కొన్ని వారములు ఉదయింపడు.

ఇదే అక్షాంశమున గ్రీన్‌లండ్ లోపలి భాగమంతయు మంచుపలక క్రింద పడియున్నది. నార్వే తీరమున మాత్రము రేవులు శీతకాలమునను గడ్డకట్టవు. అట్లాంటిక్ మహాసముద్రపు ఉష్ణప్రవాహమును, దానిమీదుగా వీచు పడమటి గాలులును తెచ్చిపెట్టు వెచ్చదనమే ఇందుకు కారణము. ఆ గాలులకు స్కాండినేవియా పర్వతశ్రేణి అడ్డుగోడవలె నిలిచినది. అందుచేత పడమట ఫియర్డులు, తేమ, ఓ మాదిరి చలి. తూర్పున పొడిగాలి, సున్నకు దిగువ 30, 40 డిగ్రీలకు దిగజారు శీతలము. పర్వతములపై చెట్టు మొలవదు. వాని దిగువను బిర్చి చెట్లు, అంతకు దిగువను పైను, స్ప్రూసు వృక్షములతో నిండిన శృంగాకారపు అడవులు. హిమయుగములో కిలోమీటర్ల మందపు మంచు ఈ నేలను అణచివేసినది. ఆ బరువు తొలగి వేల యేండ్లు గడచినను, బోత్నియా సింధుశాఖ ఉత్తర తీరమున భూమి నేటికిని ఏటేట సుమారు ఒక సెంటీమీటరు పైకి లేచుచునే యున్నది.

ఈ పర్వతమునకును, ఈ అడవికిని నడుమ తిరుగాడు ప్రాణి రెయిన్‌డీరు. స్వీడన్‌లో వేసవి యందు మందలు పర్వతముల మీది పచ్చికకు పోవును. శీతకాలమున తూర్పు అడవులకు దిగి, మంచును గిట్టలతో త్రవ్వి, క్రిందనున్న లైకెన్లను మేయును. నార్వేలోని ఫిన్‌మార్క్ ప్రాంతమున వేసవి మేత సముద్రతీరమున, శీతకాలపు మేత లోపలి పీఠభూమిని దొరకును. మన పంచాంగము ఋతువులను ఆరింటిగా విభజించినది. సామీలు ఎనిమిదిగా విభజించిరి. వసంతమునకును హేమంతమునకును నడిమి కాలము వారికి వేరొక ఋతువు. ఏలయన మంద కదలవలసినది అపుడే. వారి భాషలో ‘గువొహ్తున్’ అను మాట యొకటి కలదు. మంచుక్రింద మేత యున్నదా, మంద దానిని త్రవ్వి అందుకొనగలదా అను రెండు ప్రశ్నలకును ఆ ఒక్క మాటయే సమాధానము. మేత యుండియు అందని స్థితి కూడ ఉండునని ఎరిగిన భాష యది.

సామీల మొత్తము సంఖ్య 80,000 నుండి 1,00,000 వరకు ఉండునని అంచనా. అందు సగము, లేక అంతకు పైబడినవారు నార్వేలో నున్నారు. రష్యాలో సుమారు 2,000 మందియే. రెయిన్‌డీరు పెంపకమే జీవనముగా గలవారు సుమారు పదింట ఒకవంతు. తక్కినవారు జాలరులు, రైతులు, ఉపాధ్యాయులు, గని కార్మికులు, నగరవాసులు. అయినను పదింట ఒకవంతు వారి వృత్తిపైననే జాతి భాషయు, భూమి హక్కులును చాలవరకు నిలిచియున్నవి.

సరిహద్దులు ఈ జనుల నడుమకు తరువాత వచ్చినవి. 1751లో స్వీడన్, డెన్మార్క్-నార్వే రాజ్యములు సరిహద్దు గీసికొన్నపుడు, సామీలు తమ మందలతో దానిని దాటవచ్చునని ఒప్పందమునకు ఒక అనుబంధము వ్రాసికొనిరి. మనుష్యుల గీతకన్న మంద నడక పాతదని ఆనాటి రాజులు అంగీకరించిరన్న మాట. పందొమ్మిదవ శతాబ్దమున ఆ ఔదార్యము సన్నగిల్లినది. 1852లో నార్వే, ఫిన్లండ్ సరిహద్దు మందలకు మూతపడినది. 1905లో నార్వే స్వీడన్‌నుండి విడిపోయిన పిదప, 1919 నాటి ఒప్పందము దాటిపోవు మందలను తగ్గించివేసినది. పర్యవసానముగా ఉత్తరపు కుటుంబములు పెక్కు వందల కిలోమీటర్లు దక్షిణమునకు, అన్యుల మేతభూములలోనికి తరలింపబడెను. ఈ కథను చెప్పిన ఎలిన్ అన్న లబ్బా గ్రంథమునకు 2020లో స్వీడన్ దేశపు ప్రసిద్ధమైన ఆగస్ట్ బహుమానము లభించినది.

నేలతోపాటు నాలుకయు పరీక్షకు గురియైనది. నార్వేలో బడి అనునది సామీ బాలునిచేత తల్లిభాషను మాన్పించు సాధనముగా చిరకాలము పనిచేసినది. ఈ విధానముపై నియమింపబడిన సత్య-సమాధాన సంఘము 2023 జూన్‌లో నివేదిక సమర్పించినది. 2024 నవంబరులో నార్వే పార్లమెంటు క్షమాపణ చెప్పినది. జీవించియున్న తొమ్మిది సామీ భాషలలో ఉత్తర సామీయే కొంత బలముగా నున్నది. ఉమె, పితె భాషలను మాటలాడువారు కొన్ని పదుల మందియే. ఉపాధ్యాయులు గుర్తింపదగిన విషయమిది: ఒక భాష అంతరించుటకు రాజశాసనము అక్కరలేదు, తరగతి గదిలో దానికి చోటు లేకపోయిన చాలును. ఆ భాషలోనే యోహాన్ తూరి 1910లో తన జనుల జీవితమును గూర్చి గ్రంథము వ్రాసెను. నిల్స్-ఆస్లాక్ వల్కెయపా కావ్యము 1991లో ఉత్తర యూరపు దేశములన్నిటి ఉమ్మడి సాహిత్య బహుమానము నందుకొన్నది.

ఇక ఇనుము సంగతి. కిరునా అను పేరే సామీ భాషలో ‘గిరోన్’ అను మంచుపక్షి పేరునుండి వచ్చినది. ఆ కొండలోని ఇనుమును త్రవ్వుటకు 1890లో ఎల్‌కేఏబీ సంస్థ ఏర్పడినది. 1900లో పట్టణము వెలసినది. గడ్డకట్టని నార్విక్ రేవు వరకు రైలుమార్గము 1902లో పూర్తియైనది. 1940 ఏప్రిల్‌లో ఆ రేవుకై బ్రిటిషు, జర్మను నౌకలు పోరాడుటకు కారణము ఈ ఇనుమే. యూరోపియన్ యూనియన్‌లో త్రవ్వబడు ఇనుప ఖనిజములో సుమారు ఐదింట నాలుగు వంతులు నేడు ఈ సంస్థదే. ఖనిజపు పొర పట్టణము వైపునకు ఏటవాలుగా దిగియున్నందున, త్రవ్వినకొలది పైనేల బీటలువారి క్రుంగుచు వచ్చినది. పట్టణమే కదలవలెనని 2004లో ప్రకటించిరి. సుమారు 6,000 మంది కదలవలసి వచ్చినది. మూడు కిలోమీటర్లు తూర్పుగా కట్టిన నూతన కేంద్రము 2022లో ప్రారంభమైనది. చర్చి ప్రయాణము ముగిసిన కొద్దిదినములకే మరి 6,000 మంది కదలవలసి యుండునని సంస్థ తెలిపినది.

ఇండ్లు కదలును, చర్చి కూడ కదలినది. మేతదారి కదలునా? ప్రశ్న ఇచటనే యున్నది. కిరునా ప్రక్కనే పెర్ గేయెర్ అను నిక్షేపములో పది లక్షల టన్నులకు మించిన అరుదైన మృత్తిక ఖనిజ ఆక్సైడులు కలవని 2023 జనవరిలో ప్రకటన వెలువడినది. విద్యుత్ కార్లకు, గాలిమరలకు కావలసిన అయస్కాంతములు వీనితో చేయుదురు. వీనికై యూరపు చైనాపై ఆధారపడియున్నది. అందుచే యూరోపియన్ కమిషన్ 2025లో దీనిని వ్యూహాత్మక ప్రాధాన్యముగల పథకముగా ఎంచినది. కాని ఆ నిక్షేపము గాబ్నా అను సామీ పశుపాలక సమాజపు మందలు పర్వతమునకును అడవికిని నడచు దారిలో నున్నది. పాతగని, పట్టణము, రైలు, రహదారి ఆ దారిని ఇదివరకే ఇరుకు చేసినవి. క్రొత్తగని వచ్చినచో తమ సీమ రెండు ముక్కలగునని వారి భయము.

ఈ వివాదము పైకి ఒక జాతికిని ఒక సంస్థకును నడుమ కలహమువలె కనబడును. లోతున, భూమిని కొలుచు రెండు పద్ధతుల నడుమ కలహమిది. ప్రభుత్వము భూమిని చదరపు కిలోమీటర్లలో కొలుచును: గనికి ఇంత, రోడ్డుకు ఇంత, మిగిలినది అంతయు మంచుబయలే కదా యని తలచును. పశుపాలకుడు భూమిని దారిగా కొలుచును. దారి నూరు కిలోమీటర్ల పొడవున నిరాటంకముగా నున్నను, నడుమ ఒక్క కిలోమీటరు తెగినచో నూరును వ్యర్థమే. కావున ప్రతి పథకమును విడిగా చూచినపుడు స్వల్పముగా తోచు నష్టము, అన్నిటిని కలిపి చూచినపుడు సర్వనష్టము కావచ్చును.

నార్వేలోని ఫోసెన్ ఉదంతము మరియొక పాఠము నేర్పును. అచట సామీల శీతకాలపు మేతభూములలో 151 గాలిమరలు నిలిపిరి. వానికిచ్చిన అనుమతులు పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 27వ అధికరణమునకు విరుద్ధమని నార్వే సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 11న ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. తీర్పు వచ్చునాటికి మరలు తిరుగుచునే యున్నవి. 500 దినములు గడచినను అవి ఆగలేదని 2023 ఫిబ్రవరిలో సామీ యువకులు ఓస్లోలో మంత్రిత్వశాఖల వాకిళ్లను అడ్డగించిరి. ప్రభుత్వము క్షమాపణ చెప్పినది. 2023 డిసెంబరులోను, 2024 మార్చిలోను రెండు సమాజములతో ఒప్పందములు కుదిరినవి. పరిహారము, వేరొక చోట మేతభూమి వాగ్దానము చేయబడినవి. మరలు మాత్రము నిలిచినవి. కట్టిన పిదప గెలిచిన వ్యాజ్యము సగము ఓడిన వ్యాజ్యమే.

న్యాయస్థానములు ముందుగానే తోడ్పడిన సందర్భమును లేకపోలేదు. 2020 జనవరిలో స్వీడన్ సుప్రీంకోర్టు గిర్యాస్ సమాజమునకు, తన సీమలో చిన్నజంతువుల వేటకును చేపలు పట్టుటకును అనుమతులిచ్చు హక్కు అనాదిగా వచ్చిన అనుభోగము వలన కలదని నిర్ణయించినది. వ్రాతపత్రము లేనిచోట అనుభోగమే పత్రమని అంగీకరించిన తీర్పది. నార్వేలో 1989లో, స్వీడన్‌లో 1993లో, ఫిన్లండ్‌లో నేటి రూపమున 1996లో సామీ పార్లమెంటులు ఏర్పడినవి. కాని గనిని వలదని ఆపు అధికారము వానికి లేదు.

ఎదుటి పక్షమును త్రోసివేయుట న్యాయము కాదు. గని లేనిదే కిరునా లేదు. అందు పనిచేయువారిలో సామీలును కలరు. బొగ్గు, చమురు మానవలెనన్నచో గాలిమరలు, అయస్కాంతములు కావలెను. మానకున్నచో మొదట నష్టపోవువారును ఈ పశుపాలకులే. 1979 నుండి ఆర్కిటిక్ ప్రాంతము ప్రపంచపు సగటుకన్న దాదాపు నాలుగు రెట్లు వేగముగా వేడెక్కినదని 2022లో ఫిన్లండ్ శాస్త్రజ్ఞులు తేల్చిరి. స్వీడన్‌లో ఎత్తైన శిఖరమగు కెబ్నెకైసె దక్షిణపు కొన, పైనున్న హిమానీనదము కరగి, 2019లో ఉత్తరపు కొనకు రెండవదైపోయినది. శీతకాలమున మంచు కురియవలసిన వేళ వాన కురిసి, మరల గడ్డకట్టి, మేతపై గాజుపలక పరచినట్లగును. సామీలు దానిని ‘చువొహ్కి’ యందురు. అపుడు మంద కాలిక్రింద ఆహారముండగనే ఆకలితో చచ్చును. అట్టి ఏట పాలకునికి మిగిలిన ఉపాయము ఒక్కటే: మందను వేరొక మేతకు మరల్చుట. దారులు తెగినచో ఆ ఉపాయమును పోవును. వాతావరణ విపత్తునకు మందుగా తెచ్చిన పథకమే, ఆ విపత్తును తట్టుకొను శక్తిని హరించుట ఇందలి వైపరీత్యము.

కావున గని కావలెనా, మంద కావలెనా యను ప్రశ్న సరియైనది కాదు. నిర్ణయము ఎపుడు, ఎవరి సమక్షమున జరుగవలెనన్నదే సరియైన ప్రశ్న. పునాది త్రవ్వకముందే దారిని ఎరిగినవారి మాట వినుట ఒక పద్ధతి. కట్టిన పిదప పరిహారము లెక్కించుట రెండవ పద్ధతి. ఫోసెన్ రెండవ పద్ధతి ఫలము. పెర్ గేయెర్ విషయమున మొదటి పద్ధతి సాధ్యమా యనుటకు సమాధానము స్వీడన్ ఇవ్వవలసియున్నది.

తరగతి గోడపై వ్రేలాడు పటములో ఆ సీమకు నాలుగు రాజ్యముల నాలుగు రంగులు కలవు. గనులకు గుర్తులు కలవు, రైలుకు నల్లగీత కలదు. మందల దారికి గీత లేదు. ఉపాధ్యాయుడు పర్వతమునుండి అడవి వరకు ఆ గీతను పెన్సిలుతో గీచి చూపినచో, అది ఎన్నిచోట్ల తెగుచున్నదో విద్యార్థులే లెక్కింతురు.