ఆడిన ఎత్తు ఎవరి సొత్తు?

సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద 1963 మేలో పోలీసులు దాడి చేశారు. లోపల డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారన్నది అభియోగం. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని 1967 నవంబరులో తీర్పు వచ్చింది. జూదం కేసుల్లో వకీళ్లు ఇప్పటికీ ఆ తీర్పును పట్టుకొస్తారు. కానీ ఆ క్లబ్బులో ఆ రోజు ఎవరు ఏ ముక్క పారేశారో ఏ కాగితం మీదా లేదు. ముక్కలు కలిపేస్తే ఆట చెరిగిపోయినట్టే.

చదరంగం అలా చెరగదు. ఇప్పుడు ఇదే ఊళ్లో క్లాసికల్ రేటింగ్ టోర్నమెంటు జరిగే హాల్లోకి తొంగిచూడండి. ఎనిమిదేళ్ల పిల్ల గుర్రాన్ని కదిపి, గడియారం నొక్కి, పెన్ను తీసుకుని వేసిన ఎత్తును రాసుకుంటుంది. అడుగున కార్బన్ ప్రతి. ఆట అయ్యాక ఇద్దరూ సంతకం పెడితే పై కాగితం ఆర్బిటర్ చేతికి పోతుంది. స్కోరుషీటు నిర్వాహకుల సొత్తని ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నిబంధనల్లోనే ఉంది. దాన్ని ఎవరైనా టైపు చేస్తే చాలు, ఆ పిల్ల ఓడిన తీరు, పేరుతో సహా, డేటాబేసులకెక్కి అక్కడే ఉండిపోతుంది. బ్యాక్‌గామన్‌లో ఎత్తులు రాయాలన్న కట్టుబాటు లేదు. వీడియో తీసి, తర్వాత కూర్చుని రాసి, ఎన్ని తప్పులు చేశావో సాఫ్ట్‌వేర్‌తో లెక్క కట్టిస్తారు. అందుకే అక్కడ ‘నా ఆట బయటపెట్టొద్దు’ అనడానికి ఆటగాడికి ఇంకా కాస్త చోటుంది. చెస్‌లో అదీ లేదు.

దాచుకోవాలనేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. మర్నాడు ఎవరితో ఎవరో చెప్పే పెయిరింగ్ రాత్రి రాగానే మొదట చేసే పని ప్రత్యర్థి పేరు కొట్టి పాత ఆటలు తీయడం. నల్లపావులతో ఎప్పుడూ కారోకాన్ ఓపెనింగే ఆడే పిల్లాడని తెలిస్తే, ఏ వరుసలో తడబడతాడో తెల్లారేలోపు దొరికిపోతుంది. ఇందులో అన్యాయం ఎక్కడుందంటే, ఎత్తులను అప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో చూపే లైవ్ బోర్డులు సాధారణంగా పై బల్లల మీదే ఉంటాయి. అక్కడ ఆడినవాడి గుట్టంతా బయట, కింది బల్లల వాడిది భద్రం. 1997 మేలో న్యూయార్క్‌లో కాస్పరోవ్ ఫిర్యాదు కూడా ఇలాంటిదే. తన ఆటలన్నీ ప్రత్యర్థి కంప్యూటర్ డీప్ బ్లూను తయారుచేసిన బృందం చేతిలో ఉన్నాయి, ఆ యంత్రం ఆడిన ఆటలు మాత్రం ఆయనకు చూపించలేదు. మ్యాచ్ 3.5-2.5తో యంత్రం గెలిచింది. చూపించి ఉంటే ఆయనే గెలిచేవాడని నేననను. కానీ ఒక పక్కే తెరిచిన కిటికీని పారదర్శకత అంటే ఒప్పుకోలేం.

ఆటలు అందరికీ తెరిచి ఉంచాలనే రెండో పక్షం బలం చరిత్రలో ఉంది. ఒకప్పుడు మంచి ఆటలు చూడాలంటే బెల్‌గ్రేడ్ నుంచి వచ్చే ఇన్ఫర్మేటర్ సంపుటాలే దిక్కు. అవి కొనగలిగినవాళ్లు ఎందరు? 1994 నుంచి మార్క్ క్రౌథర్ ఇంటర్నెట్‌లో వారం వారం ఆటలను ఉచితంగా పంచుతూ వచ్చాక ఆ గోడ కూలింది. 2002లో హైదరాబాదులో జరిగిన ఫిడే ప్రపంచ కప్పును ఆనంద్ గెలిచాడు. ఫైనల్లో కాసిమ్‌జానోవ్‌తో ఆడిన ఆటలను ఈరోజు బోయిన్‌పల్లిలో కూర్చున్న పిల్లాడు ఫోన్‌లో పైసా ఖర్చు లేకుండా ఆడి చూసుకోవచ్చు. 2024 డిసెంబరు జాబితాలో 2800 దాటిన మన వరంగల్ అర్జున్ ఇరిగేశి ఆటలూ అంతే, అందరికీ తెరిచే ఉన్నాయి. దాచుకోవడం కంటే రకరకాల ఓపెనింగులు ఆడటమే అతని రక్షణ.

ఇంకో సంగతి నాకు ఇంతకంటే ముఖ్యం. రేటింగ్ బహిరంగం. దాని వెనకున్న ఎత్తులు మాత్రం రహస్యమైతే, కూడబలుక్కున్న డ్రాకీ కష్టపడి సాధించిన డ్రాకీ తేడా పట్టేదెలా? యంత్రం సాయంతో ఆడారన్న అనుమానాన్ని గణాంకాలతో తేల్చాలన్నా ఎత్తులే ఆధారం. ఆ పరిశీలన కొన్నిసార్లు అమాయకుణ్ణి కాపాడుతుంది కూడా. చట్టం మొగ్గు కూడా అటే ఉంది. 2016లో కార్ల్‌సన్–కర్యాకిన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ ఎత్తులను ఇతర సైట్లు చూపకుండా ఆపమని నిర్వాహకులు అడిగితే న్యూయార్క్ ఫెడరల్ న్యాయమూర్తి ఒప్పుకోలేదు. నిర్వాహకుడికే గుత్తాధిపత్యం లేనిచోట ఆటగాడికి ఉంటుందనడం కష్టం.

కాబట్టి రేటింగ్ టోర్నమెంటులో ఆడిన ఆట అందరిదీ కావాలన్నదే నా పక్షం. కోచ్ దగ్గర ఆడిన ప్రాక్టీసు ఆటలు వేరు, వాటిని అడిగే హక్కు ఎవరికీ లేదు. పిల్లల దగ్గర మాత్రం నా మాట కొంచెం తగ్గుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. ఎత్తు వ్యక్తిగత సమాచారం కాకపోవచ్చు. పక్కనున్న పేరు, పుట్టిన ఏడాది కచ్చితంగా అవుతాయి. ఎనిమిదేళ్లప్పుడు మంత్రిని ఊరికే పోగొట్టుకున్న ఆట పద్దెనిమిదేళ్లప్పుడు ఆ పిల్ల పేరు కొట్టగానే రావలసిన అవసరం ఏ చెస్ ప్రయోజనానికీ లేదు.

టోర్నమెంట్లు పెట్టే పెద్దలకు నా మనవి ఇంతే: ఆటలు బయటపెడితే టోర్నమెంటు ముగిశాక అన్ని బల్లలవీ కలిపి పెట్టండి. పన్నెండేళ్లలోపు పిల్లల పేర్లను పొడి అక్షరాలకు కుదించండి. ఎంట్రీ ఫారంలో ఫీజు గడి పక్కనే ఆటల ప్రచురణకు తల్లిదండ్రుల సమ్మతి గడి ఒకటి చేర్చండి.