రాజమండ్రి రక్తానికి హైదరాబాద్‌లో విలువ లేదా?

ఆరోగ్య పథకం ట్రస్టు చేతిలో ఉండాలా, బీమా కంపెనీల చేతికి పోవాలా అని 2025 సెప్టెంబరులో మంత్రివర్గ నిర్ణయం వెలువడిన దగ్గర్నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వాదన నడుస్తూనే ఉంది. ఒకరు ఉచిత వైద్యానికి 25 లక్షల పరిమితి తమ ఘనతంటారు. ఒకరు రెండున్నర లక్షల దాకా వైద్యాన్ని బీమాకు అప్పగించడం వెనుక మతలబు ఉందంటారు. మరొకరు నెట్‌వర్క్ ఆస్పత్రుల బకాయిలు ఏకరువు పెడతారు. ఇంత రభసలోనూ ఒక సంగతి ఎవరి నోటా రాలేదు. ముమ్మిడివరం మనిషి ఆపరేషన్ కోసం హైదరాబాద్ వెళితే అతని చేతిలోని ఫైలును పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి సూది గుచ్చుతారు. ఆ రెండో సూదికి ఎవరు జవాబుదారీ?

నా వాదన ముందే చెప్పేస్తాను. తేదీ ముందుగా ఖాయం చేసుకునే ఆపరేషన్లకు కావలసిన టెస్టులు రోగి సొంత జిల్లాలోనే జరగాలి. వాటి ఖర్చు పథకమే పెట్టుకోవాలి. బాగున్న రిపోర్టును దూరపు ఆస్పత్రి ఒప్పుకుని తీరాలి. ఒప్పుకోకపోతే ఎందుకో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి.

మా మేనత్తకు మోకీలు మార్పిడి చేయించాం. రాజమండ్రి దానవాయిపేటలో ఒక ల్యాబ్‌లో హిమోగ్లోబిన్, షుగర్, క్రియాటినిన్, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, గుండె ఎకో, చెప్పినవన్నీ చేయించాం. అన్నీ బాగున్నాయి. తొమ్మిదో రోజున హైదరాబాద్‌లో ఆస్పత్రి కౌంటరు ముందు నిలబడితే అక్కడి అమ్మాయి ఫైలు తెరవకుండానే ‘బయటి రిపోర్టులు ఇక్కడ చెల్లవండీ’ అంది. రైలు దిగి రెండిడ్లీ తిన్న అత్తకు పరగడుపు టెస్టు మర్నాటికి పోయింది. రిపోర్టులు వచ్చేసరికి ఇంకో రోజు. లాడ్జిలో అదనంగా రెండు రాత్రులు, రెండు పూటల ఆటో, అటెండెంటుగా వచ్చిన మా బావకు రెండు రోజుల పని నష్టం. చివరికి వచ్చిన ఫలితాలు మా ఫైల్లో ఉన్నవే. ‘ఏరా అబ్బాయి, రాజమండ్రిలో తీసింది రక్తం కాదా?’ అని అడిగింది అత్త. నా దగ్గర జవాబు లేదు. ఆ ఆస్పత్రి దగ్గరా ఉండదు.

ఎందుకుండదో చెప్పే లెక్క ఒకటి ముప్ఫయ్యేళ్లకు పైగా దుమ్ముకొట్టుకుని పడి ఉంది. 1990లో అమెరికా వైద్య పత్రిక ‘ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’లో వచ్చిన అధ్యయనమది. మాజీ సైనికుల ఆస్పత్రికి ముందే ఖాయమైన ఆపరేషన్లకు వచ్చిన 1,109 మందిని పరిశీలించారు. వాళ్లకు చేసిన 7,549 టెస్టుల్లో 47 శాతం అంతకుముందు ఏడాదిలోపు ఒకసారి చేసినవే. వాటిలో మొదటిసారి మామూలుగా వచ్చిన 3,096 ఫలితాలను తీసుకుని, రెండోసారి ఎలా వచ్చాయో చూశారు. ఆపరేషన్‌కు పనికిరానంతగా మారినవి 13. మూడు వేల తొంభై ఆరింటిలో పదమూడు! వందకు అర కూడా లేదు. పైగా రెండు టెస్టుల మధ్య ఎడం సుమారు రెండు నెలలు. మా అత్త రిపోర్టుల వయసు తొమ్మిది రోజులు.

ఆ 13లో కూడా ఎక్కువ భాగం, రోగిని కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగితే ముందే పసిగట్టదగినవని అధ్యయనం తేల్చింది. ఆరోగ్యంలో కొత్త మార్పేదీ లేకపోతే నాలుగు నెలల లోపు మామూలు రిపోర్టును నిశ్చింతగా వాడుకోవచ్చని సూచించింది. మనవాళ్లు నాలుగు నెలలు కాదు, తొమ్మిది రోజులు కూడా ఒప్పుకోరు. నాలుగు ప్రశ్నలడగడం కంటే నాలుగు గొట్టాల రక్తం తీయడం తేలిక కాబోలు.

‘అది అమెరికా, ఇది కోనసీమ. మీ సందు చివరి ల్యాబ్‌ను నమ్మి మత్తు ఎలా ఇస్తాం?’ అనే వాదన నేను విన్నాను. అందులో నిజం పిసరంత ఉంది. రక్తం ఎక్కించబోయే ఆస్పత్రే గ్రూపు, క్రాస్‌మ్యాచ్ చూసుకోవాలి. రక్తం పలచబడే మందు వాడుతున్నవారికి గడ్డకట్టే టెస్టు తాజాగా ఉండాలి. ఎకో తీసే చేతిని బట్టి ఉంటుంది కాబట్టి అనుమానమొస్తే మళ్లీ చూడవచ్చు. ముందు టెస్టు బాగోలేకపోతే రెండోది తప్పనిసరి. అదే అధ్యయనంలో మొదట తేడాగా వచ్చిన 461 ఫలితాల్లో 78 మళ్లీ చేసినా ఆపరేషన్‌కు పనికిరాకుండా ఉన్నాయి, అంటే 17 శాతం. తేడా ఉన్నచోట మళ్లీ గుచ్చండి, ఎవరూ కాదనరు. బాగున్నచోట గుచ్చడానికే కారణం అడుగుతున్నాను. ఎందుకంటే అక్కడ లెక్క 3,096కు 13.

ఇక ల్యాబ్ మీద నమ్మకం సంగతి. రాజమండ్రి, భీమవరం, కాకినాడల్లో తీసే రక్తంలో కొంత, పెద్ద టెస్టులకైతే, ఐస్ పెట్టెలో హైదరాబాద్‌కే వెళుతుంది. మనిషి రైలెక్కకముందే అతని రక్తం నగరం చూసి వస్తుంది. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచి డాక్టర్లను తయారుచేస్తోంది. అక్కడ చదివిన డాక్టరు హైదరాబాద్‌లో కత్తి పడితే అభ్యంతరం లేదు, ఆ కళాశాల ఆస్పత్రి ల్యాబ్ ఇచ్చిన కాగితం మాత్రం చెల్లదా? ఏ ల్యాబ్ నాసిరకమో తేల్చాలంటే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉంది, ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్‌కు 2002 చట్టం ఉంది. ల్యాబ్‌ను సరిచేయాల్సిన చోట రోగికి శిక్ష వేయడం ఏ న్యాయం?

బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి దారి చూపే ‘నైస్’ సంస్థ 2016 ఏప్రిల్‌లో ఈ టెస్టుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఆపరేషన్‌కు ముందు అందరికీ మొక్కుబడిగా ఛాతీ ఎక్స్‌రే తీయవద్దంది. షుగర్ రోగికి మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ, గత మూడు నెలల్లో చేయకపోతేనే చేయమంది. ఆ ఫలితాన్ని ఊరి డాక్టరు రాసే రిఫరల్ కాగితంలోనే పెట్టమంది. టెస్టు మనిషి కంటే ముందు ప్రయాణం చేయాలన్నమాట. మన దగ్గర మనిషి ముందు వెళ్లి, తరువాత టెస్టుకు క్యూ కడతాడు.

ఈ తలకిందుల వరసకు అసలు మూల్యం వేరే ఉంది. కాట్పాడి స్టేషన్లో దిగి వేలూరు ఆస్పత్రికి వెళ్లాక ‘షుగర్ ఎక్కువుంది, తగ్గాక రండి’ అంటారు. ‘రక్తం తక్కువుంది, ఐరన్ వాడి రండి’ అంటారు. గుండె కవాటం మార్చాల్సిన మనిషికి ‘పుచ్చుపళ్లు తీయించుకుని రండి’ అంటారు. డాక్టర్ల తప్పేమీ లేదు, ఆ మాట చెప్పాల్సిందే. అయితే అది చెప్పాల్సిన చోటు అమలాపురం. షుగర్ అదుపులోకి రావడానికి, రక్తం పట్టడానికి వారాలు కావాలి. ఆ వారాలు సొంతింట్లో గడవాలి, లాడ్జి మంచం మీద కాదు. రైలు మొహం చూడని అమలాపురం మనిషి బస్సులో రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరి, అక్కడ శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కాట్పాడి దాకా వెళ్లి, వాయిదా మూటగట్టుకుని తిరిగి రావడం వైద్యమా?

పథకాల పుస్తకాలు తిరగేయండి. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్, ఆస్పత్రిలో చేరకముందు మూడు రోజుల ఖర్చు భరిస్తుంది. ప్రీమియం కట్టి కొనుక్కునే ఆరోగ్య సంజీవని పాలసీ ముప్ఫయ్ రోజులది భరిస్తుంది. కొనుక్కున్నవాడికి ముప్ఫయ్, లేనివాడికి మూడు. మన రాష్ట్ర పథకం 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైననాటి నుంచి దాని గొప్ప, రోగి నెట్‌వర్క్ ఆస్పత్రి మెట్టెక్కింది మొదలు డిశ్చార్జి తరువాత పది రోజుల మందుల దాకా పైసా ఖర్చు లేదన్నది. నిజంగానే గొప్ప. కానీ గడియారం మెట్టు దగ్గర మొదలవుతుంది. మెట్టెక్కకముందు సొంతూళ్లో చేయించుకున్న టెస్టు రోగి జేబుది. 2019 నవంబరులో హైదరాబాద్, చెన్నై, బెంగళూరు ఆస్పత్రులకు పథకాన్ని విస్తరించినప్పుడు మెట్టు ఇంకా దూరం జరిగింది, గడియారం ముల్లు మాత్రం కదల్లేదు.

దీనికి కొత్తగా ఏదీ కనిపెట్టనక్కర్లేదు. కంటి క్యాంపు చూడండి. శుక్లాల ఆపరేషన్‌కు ముసలమ్మలను బస్సెక్కించేముందు ఊళ్లోనే, బడి వరండాలోనే, బీపీ, షుగర్ చూస్తారు. పనికొచ్చేవాళ్లనే తీసుకెళతారు, రానివాళ్లకు మందిచ్చి మళ్లీ క్యాంపుకు రమ్మంటారు. గోదావరి జిల్లాల్లో ఈ పద్ధతి తెలియని ఊరుంటుందా? కంటికి పనికొచ్చిన పద్ధతి మోకాలికి, గుండెకు ఎందుకు పనికిరాదు? 2023లో రాజమహేంద్రవరానికి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. అక్కడొక గది, ఒక మత్తు డాక్టరు, ఒక ల్యాబ్ కిటికీ పెట్టండి. దూరపు ఆస్పత్రి జాబితా పంపుతుంది, ఇక్కడ టెస్టులు చేస్తారు, రిపోర్టు అక్కడికి పంపుతారు. ఫిట్ అని తేలాకే టికెట్టు.

రిపోర్టు ఎలా పంపాలంటారా? 2021 సెప్టెంబరులో దేశమంతటికీ డిజిటల్ ఆరోగ్య మిషన్ అన్నారు. వాకిళ్ల చుట్టూ తిరిగి జనానికి పద్నాలుగు అంకెల ‘ఆభా’ నంబరు అంటగట్టారు. ఆ పద్నాలుగు అంకెలు తెరిస్తే రిపోర్టులు కనపడాలన్నది దాని ఉద్దేశం. ఓపీ చీటీ తొందరగా రావడానికి తప్ప ఆ నంబరు దేనికీ అక్కరకు రాకపోతే, అన్ని అంకెలెందుకు? బడి హాజరుపట్టీలో రోల్ నంబరు చాలదా?

దీన్ని ఆరోగ్యమిత్ర చూడాలా, వైద్యమిత్ర చూడాలా అని సచివాలయంలో ఫైలు తిప్పుతారని నాకు తెలుసు. పథకానికి పేరు మార్చడానికి 2014లో, 2019లో, 2024లో తీరిక దొరికింది. మెట్టెక్కకముందు చేసే టెస్టుల ఖర్చు అందులో కలపడానికి ఏ ప్రభుత్వానికీ దొరకలేదు. బోర్డు మీద బొమ్మ మారితే రోగి రక్తంలో ఏం మారదు. కాబట్టి ఇకనుంచి ఏ కౌంటరు దగ్గరైనా ‘బయటి రిపోర్టులు చెల్లవు’ అన్నవాళ్లను ఒక్కటే అడగండి: 3,096లో పదమూడే మారాయి, మా ఫైలు ఆ పదమూడులో ఒకటని మీరెలా తేల్చారు? తేల్చి ఉంటే రాసివ్వండి. రాసివ్వలేకపోతే సూది పక్కన పెట్టండి.